హేవ్‌లాక్‌లో ఆ ఫిబ్రవరి

విశాఖపట్నంలో పెరిగినవాళ్ళకి పోర్ట్‌బ్లెయిర్‌ మరీ పరాయి ఊరేం కాదు. మా చిన్నప్పుడు వీధిలో ఎవరో ఒకరికి అక్కడ మేనమామో పెదనాన్నో ఉండేవాడు. ఓడ బయల్దేరే రోజు హార్బరు వైపు రిక్షాల్లో బియ్యం బస్తాలు, కూరగాయల గంపలు, పచ్చడి జాడీలు వెళ్ళేవి. దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఆ ఓడెక్కి వెళ్ళినవాళ్ళు అక్కడే స్థిరపడిపోయి, పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రం వచ్చి వెళ్ళేవారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌ నికోబార్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే అని చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఆ బస్తాలన్నీ ఎటు వెళ్ళాయో చూస్తూ పెరిగినదాన్ని.

కానీ సముద్రం పక్కనే పుట్టి పెరిగినా దాని లోపల ఏముంటుందో నాకు తెలీదు. ఆర్కే బీచ్‌కి వెళ్తే నాన్న ఒడ్డున నిలబడి మా కాళ్ళనే చూస్తూ ఉండేవారు. నీళ్ళు మోకాళ్ళు దాటకూడదు. దాటితే ఒక్క కేక. ఆయన భయం ఉత్తది కాదు. అక్కడ కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్ళని కూడా లోపలికి తీసుకుపోతుంది. ప్రతి ఏడూ పేపర్లో ఎవరో ఒకరి పిల్లలు. అందుకని మాకు సముద్రం అంటే పై నుంచి చూసేదే. అటువంటి ఇంట్లోంచి మా తమ్ముడు బెంగళూరు ఉద్యోగంలో చేరాక అండమాన్‌లోని హేవ్‌లాక్‌ దీవికి వెళ్ళి, సిలిండర్‌తో సముద్రం అడుగుకి దిగే డైవింగ్‌ నేర్చుకున్నాడు. నేర్చుకుని వచ్చి, అమ్మకి చెప్పకుండా నాకొక్కదానికే ఫోన్‌ చేశాడు. "అక్కా, నువ్వు ఒక్కసారి కింద చూడాలే. నేను చెప్తే రాదు" అన్నాడు. అప్పటికి నాకు ఈత వచ్చు. పెళ్ళయ్యాక కాలనీ పూల్‌లో పట్టుబట్టి నేర్చుకున్నాను. 2014 ఫిబ్రవరిలో, మా పాపని అమ్మ దగ్గర దిగబెట్టి, తమ్ముడితో బయల్దేరాను. అమ్మకి అండమాన్‌ చూడ్డానికి అని మాత్రం చెప్పాం. ఆవిడ ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా కట్టి ఇచ్చింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్‌ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఫెర్రీ. రెండున్నర గంటలు. పైన డెక్‌ మీద నిలబడితే దారి పొడుగునా పచ్చటి దీవులు, ఒక్క ఇల్లు కూడా కనపడని దీవులు. ఆ గుంపుని రిచీ ద్వీపసమూహం అంటారు. జాన్‌ లారెన్స్‌, హెన్రీ లారెన్స్‌, అవుట్రమ్‌, నీల్‌, హేవ్‌లాక్‌, అన్నీ 1857 నాటి బ్రిటిష్‌ అధికారుల పేర్లే. తిరుగుబాటుని అణచినవాళ్ళ పేర్లు దీవులకి, ఆ తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్ళకి పోర్ట్‌బ్లెయిర్‌లో సంకెళ్ళు. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్‌ని స్వరాజ్‌ ద్వీప్‌గా, నీల్‌ని షహీద్‌ ద్వీప్‌గా మార్చారు. మార్చడం సబబే అనిపించింది. కానీ నా జ్ఞాపకంలో ఉన్న ఊరు హేవ్‌లాక్‌ అన్న పేరుతోనే ఉంది, ఇక్కడ అలాగే రాస్తున్నాను.

దీవిలో అడుగుపెట్టగానే నచ్చింది అక్కడి చిరునామాల పద్ధతి. జెట్టీ ఉన్నది ఒకటో నంబరు, బజారు మూడో నంబరు, డైవింగ్‌ వాళ్ళ గుడిసెలు ఎక్కువగా ఐదో నంబరు, పెద్ద తెల్ల బీచి ఏడో నంబరు. ఆటో అతనికి "పాంచ్‌ నంబర్‌" అంటే చాలు. కానీ ఊళ్ళకి అసలు పేర్లు వేరే ఉన్నాయి. గోవిందనగర్‌, విజయనగర్‌, శ్యామ్‌నగర్‌, కృష్ణనగర్‌, రాధానగర్‌. తూర్పు బెంగాల్‌ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకి 1950ల్లో ఇక్కడ అడవి కొట్టుకుని సాగు చేసుకోమని భూములిచ్చారు. వాళ్ళు పెట్టుకున్న పేర్లవి. రోడ్డు పక్కన వరి మళ్ళు, పోకచెట్లు, కొబ్బరి, చెరువులో బాతులు. సముద్రం కనపడని చోట నిలబడితే కోనసీమలో ఉన్నామనే అనుకోవచ్చు.

మా గది వెదురు తడికల గుడిసె, దోమతెర, ఒక ఫ్యాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మొబైల్‌లో నెట్‌ రాదు. మాట్లాడ్డానికి కూడా సిగ్నల్‌ కోసం రోడ్డు మీదకి నడవాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్‌ 2020 ఆగస్టులో గానీ మొదలవలేదు. అంతవరకూ దీవులన్నీ ఉపగ్రహం మీదే ఆధారపడేవి. రోజుకి ఒకసారి సాయంత్రం పాపతో మాట్లాడేదాన్ని, అంతే. మిగతా టైమంతా మాదే. ఆ ఖాళీ గురించి ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. అంత తీరిక మళ్ళీ నా జీవితంలో రాలేదు.

ఇంకొకటి, అక్కడి వెలుగు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ఎంతో తూర్పున. పొద్దున్న ఐదింటికే ఆకాశం తెల్లబడుతుంది. సాయంత్రం ఐదున్నరకి చీకటి పడిపోతుంది. రెండు రోజుల్లో ఒళ్ళు దానికి అలవాటు పడింది. రాత్రి ఎనిమిదిన్నరకి నిద్ర, తెల్లవారుజామున కోడికన్నా ముందు మెలకువ.

నాకు నేర్పింది ఒక కరెన్‌ తెగ అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషే. వాళ్ళ పూర్వీకుల్ని 1925లో బర్మా నుంచి తీసుకొచ్చి మధ్య అండమాన్‌లో మాయాబందర్‌ దగ్గర అడవి పనులకి పెట్టారు. వెబి అనే ఊరు వాళ్ళది. కరెన్లకి అడవీ సముద్రమూ రెండూ తెలుసు. హేవ్‌లాక్‌లో డైవింగ్‌ పడవల మీద పనిచేసే మంచి మనుషులు చాలామంది వాళ్ళే. ఆయన చాలా తక్కువ మాట్లాడేవాడు. హిందీలో నాలుగు ముక్కలు. కానీ నీళ్ళలో ఆయన చేతులు చెప్పేవి, కళ్ళు చెప్పేవి.

మొదట రొమ్ములోతు నీళ్ళలోనే పాఠాలు. మాస్క్‌లోకి నీళ్ళు వదులుకుని, ముక్కుతో గట్టిగా ఊది బయటికి తోసెయ్యడం. నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్‌ తీసేసి, చెయ్యి వెనక్కి తిప్పి గొట్టం దొరకబుచ్చుకుని మళ్ళీ పెట్టుకోవడం. చెవులు నొప్పెట్టక ముందే ముక్కు పట్టుకుని మెల్లగా ఊది సర్దుకోవడం. అన్నిటికన్నా ముందు చెప్పిన మాట, చివరిదాకా చెప్పిన మాట ఒక్కటే. ఊపిరి బిగబట్టకూడదు. ఎందుకో కూడా చెప్పాడు. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తి చిరుగుతుంది. నీళ్ళలో మునిగితే ఊపిరి బిగబట్టాలి అని పుట్టినప్పట్నుంచీ ఒంటికి తెలిసిన విద్య. దాన్ని మరిపించడమే ఆ చదువంతా.

మొదటిసారి నిజంగా కిందికి దిగింది ఐదో నంబరుకి దగ్గర్లోనే ఉన్న నెమో రీఫ్‌ అనే పగడపు దిబ్బ దగ్గర. తాడు పట్టుకుని దిగడం, ప్రతి మీటరుకీ ఆగడం, చెవులు, మళ్ళీ దిగడం. ఇసుక మీద మోకాళ్ళు ఆనాక ఆయన నా ఎదురుగా కూర్చుని, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, లోపలికి, బయటికి అని చూపిస్తూ ఉన్నాడు. అప్పుడు విన్నాను నా ఊపిరిని. లోపలికి తీసుకుంటే ఒక చప్పుడు, వదిలితే బుడగల గలగల. ఇంతకాలం ఒక్కసారి కూడా వినని చప్పుడు, నాదే. దాన్ని వింటూ వింటూ భయం ఎప్పుడు పోయిందో తెలీలేదు.

సముద్రం అడుగున నిశ్శబ్దం ఉంటుందనుకున్నాను. ఉండదు. పెనం మీద ఆవాలు వేగుతున్నట్టు అన్ని వైపుల నుంచీ సన్నగా చిటపటలు. చిన్న చిన్న రొయ్యలు కొండి టక్కున మూసినప్పుడు వచ్చే శబ్దమట అది. దాని మధ్యలో కరకరమని ఇంకో చప్పుడు, అది చిలకచేప పగడపు రాయిని ముక్కుతో కొరుకుతున్నది. అది కొరికి, నాచు తిని, రాయిని పిండి చేసి వెనక నుంచి తెల్లటి ఇసుకగా వదులుతుంది. మనం ఒడ్డున చెప్పులు విడిచి మురిసిపోయే ఆ మెత్తటి ఇసుకలో చాలా భాగం అలా చేపలు చేసి పెట్టిందే. ఇది తెలిశాక ఒడ్డున ఇసుక చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు వినిపించేది.

రంగుల సంగతి ఇంకా విచిత్రం. వెళ్ళే ముందు అమ్మ నా చేతికి గోరింటాకు పెట్టింది. పదిహేను మీటర్ల దగ్గర చెయ్యి చూసుకుంటే గోరింటాకు నల్లగా ఉంది. నీళ్ళు ముందుగా ఎరుపునే మింగేస్తాయి, ఆ తర్వాత నారింజ, పసుపు. చివరికి మిగిలేది నీలమే. మా గురువు టార్చి వేసి నా చేతి మీద పెట్టాడు. ఒక్కసారిగా ఎర్రగా పండిన గోరింటాకు. తర్వాత ఆ టార్చినే పక్కన ఉన్న పగడం మీదకి తిప్పాడు. బూడిదరంగు అనుకుని దాటిపోయిన గోడ ఎరుపు, కాషాయం, గులాబీ రంగుల్లో వెలిగింది. అవన్నీ అక్కడ అలాగే ఉన్నాయి, వెలుగు లేకపోబట్టి కనపడలేదు. నేను నీళ్ళలో ఏడ్చింది ఆ రోజే. మాస్క్‌లో ఏడిస్తే ఎవరికీ తెలీదు.

ఏమేం చూశానో అన్నీ రాస్తే జాబితా అవుతుంది. నాకు బాగా పట్టుకుపోయినవి రెండు మూడు. ఒకటి ఎనిమోన్‌లో, అంటే పువ్వులా కనిపించే సముద్రజీవిలో, ఉండే నారింజరంగు చేప, క్లౌన్‌ ఫిష్‌. పిల్లలందరికీ తెలిసిందే. కానీ బొమ్మలో కనపడనిది దాని ధైర్యం. నా బొటనవేలంత ఉంటుంది, నా మాస్క్‌ అద్దం మీదకి దూసుకొచ్చి గుద్ది, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఎనిమోన్‌లో దాక్కుని, మళ్ళీ వచ్చేది. ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చచ్చిపోతే, తర్వాతి పెద్ద మగది ఆడదిగా మారి ఇల్లు నడుపుతుందని తమ్ముడు రాత్రి భోజనం దగ్గర చెప్పాడు.

రెండోది శుభ్రం చేసే చేపల అంగడి. నాకు అంగడి అనే అనాలనిపిస్తుంది. ఒక పగడపు దిబ్బ దగ్గర నీలం చారల సన్నటి చేపలు ఉంటాయి. పెద్ద పెద్ద చేపలు వచ్చి అక్కడ కదలకుండా నిలబడి నోరు తెరుస్తాయి. ఈ చిన్నవి ఆ నోట్లోకి, మొప్పల్లోకి వెళ్ళి పురుగుల్ని తిని బయటికొస్తాయి. ఒకటి అయ్యాక ఇంకొకటి, వరస తప్పకుండా. ఒక్క కొరుకుతో మింగెయ్యగల గ్రూపర్‌ అనే పెద్ద చేప నోట్లోంచి ఆ చిన్న చేప తాపీగా బయటికి రావడం చూస్తూ, గాలి అయిపోతోందని తమ్ముడు గేజ్‌ చూపించేదాకా అక్కడే ఉండిపోయాను.

మూడోది సముద్రపాము. తెలుపూ నలుపూ పట్టీలతో, చప్పటి తోకతో, పగడాల సందుల్లో తల దూర్చి వెతుక్కుంటూ పోతుంది. నాగుపాముకన్నా ఎక్కువ విషం. కానీ మనుషుల జోలికి రాదు. అది మధ్యలో ఊపిరి కోసం నిట్టనిలువుగా పైకి వెళ్ళింది. పైన వెలుగులో ఒక్క క్షణం మూతి బయటపెట్టి, మళ్ళీ దిగింది. ఇద్దరం గాలి మీద బతికేవాళ్ళమే కదా అనుకున్నాను. దానికి నా వీపు మీదున్న సిలిండర్‌ అక్కర్లేదు.

రోజు ఇలా గడిచేది. ఐదింటికి లేచి టీ. ఐదున్నరకి డైవింగ్‌ సెంటర్‌లో ఎవరి సామాను వాళ్ళు తీసుకుని సరిచూసుకోవడం. సిలిండర్‌లో 200 బార్‌ ఉందా, మాస్క్‌ పట్టీ గట్టిగా ఉందా, వెయిట్‌ బెల్ట్‌లో ఎన్ని సీసపు దిమ్మలు. ఆరున్నరకి డుంగీ ఎక్కడం. డుంగీ అంటే అక్కడి చెక్క పడవ, వెనక డీజిల్‌ ఇంజన్‌, మధ్యలో గుడ్డ పందిరి. దూరపు చోట్లకి గంట, గంటన్నర ప్రయాణం. ఆ ప్రయాణంలో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. ఒక్కోసారి ఎగిరే చేపలు పడవకి సమాంతరంగా లేచి, నీటి మీద అంత దూరం జారి, మళ్ళీ మునిగిపోయేవి.

ఒక డైవ్‌ అయ్యాక పైకొచ్చి గంటసేపు పడవ మీద ఆగాలి. ఒంట్లో చేరిన నైట్రోజన్‌ మెల్లగా బయటికి పోవాలి. ఈ గంటే నాకు ఆ ప్రయాణం మొత్తంలో అతి ప్రియమైనది. ఫ్లాస్కులో అల్లం టీ, గ్లూకోజ్‌ బిస్కెట్లు, అరటిపళ్ళు, ఒక్కోసారి పడవ కుర్రాడి ఇంట్లో చేసిన కొబ్బరి లడ్డూ. జుట్టంతా ఉప్పు. ఎండలో టవల్‌ కప్పుకుని, కింద చూసినదాని గురించి అందరూ ఒక్కసారే చెప్పేసేవారు. "ఆ ఎడమ పక్క రాయి కింద మోరే ఈల్‌ చూశారా?" "అది మోరే కాదు." "మరి?" అలా. ఒక పెద్దాయన ఉండేవారు, పుణె నుంచి, రిటైరయ్యాక నేర్చుకున్నారు. ఆయన ఏమీ మాట్లాడకుండా నవ్వుతూ బిస్కెట్లు పంచేవారు.

నాకు అనుమతి ఉన్నది 18 మీటర్ల వరకే. తమ్ముడు దాని పై కోర్సు కూడా చేశాడు కాబట్టి జానీస్‌ గార్జ్‌, డిక్సన్స్‌ పినకిల్‌ లాంటి లోతైన చోట్లకి వెళ్ళొచ్చు. ఒక్క రోజు వెళ్ళాడు, బారకూడా చేపలు గుంపుగా చుట్టూ తిరిగాయని, అడుగున సొర పడుకుని ఉందని చెప్పాడు. మిగతా రోజులన్నీ నాతోనే దిగాడు. లైట్‌హౌస్‌, అక్వేరియం, ద వాల్‌ అనే చోట్ల. అడిగితే "లోతు ఎక్కడికి పోతుందక్కా" అన్నాడు.

నీటి అడుగున బడ్డీ అంటే ఎప్పుడూ పక్కనే ఉండాల్సిన మనిషి. ఒకరి గాలి అయిపోతే రెండో వాళ్ళది పంచుకోవాలి. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని, అమ్మ నిద్రపోయాక చేతి సైగలతో మాట్లాడుకున్న మేమిద్దరం ఇంత వయసొచ్చాక మళ్ళీ చేతులతో మాట్లాడుకున్నాం. బొటనవేలు పైకి చూపిస్తే బాగుంది అని కాదు, పైకి పోదాం అని. బాగుంది అనాలంటే వేళ్ళతో సున్నా చుట్టాలి. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. ఇవి అందరికీ ఉన్నవే. మాకు రెండు సొంతవి కూడా ఉన్నాయి. పాప అంటే పొట్ట దగ్గర చెయ్యి ఎత్తు చూపించడం. అంటే ఇది పాపకి చూపించాలి అని. నాన్న అంటే కళ్ళజోడు సర్దుకోవడం. ద వాల్‌ దగ్గర, కింద నీలం తప్ప ఏమీ కనపడని ఆ అంచున తేలుతూ, తమ్ముడు మాస్క్‌ మీద కళ్ళజోడు సర్దుకున్నట్టు చూపించాడు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. మోకాళ్ళు దాటొద్దన్న మనిషి. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, సేఫ్టీ స్టాప్‌. చెయ్యడానికి పనేమీ ఉండదు. పైన పడవ అడుగు నీడ, కింద ఇంకా వెలుగుతున్న పగడం, వేరే వాళ్ళు వదిలిన బుడగలు అద్దపు పళ్ళాల్లా విచ్చుకుంటూ పైకి పోవడం.

పన్నెండున్నరకి ఒడ్డుకి. మంచినీళ్ళ తొట్టెలో సామాను ముంచి కడిగి ఆరేస్తాం. దీవిలో మంచినీళ్ళు తక్కువ, తొట్టెలో నీళ్ళు అందరికీ అవే. తర్వాత ఆకలి. డైవింగ్‌ ఆకలి వేరు. మూడో నంబరు బజారులో ఒక బెంగాలీ ఆవిడ నడిపే హోటల్‌, రేకుల కప్పు, రెండు బల్లలు. అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు, ఆవ నూరి వండిన చేపల పులుసు. మా ఆవకాయ సీసా చూసి ఆవిడ వాసన చూపించమంది. ఆవపిండి అని కనిపెట్టేసింది. ఆ రోజు నుంచి మాకు అన్నం ఇంకొంచెం ఎక్కువ, ఆవిడకి రోజూ ఒక ఆవకాయ ముక్క. వాళ్ళ అత్తగారు దీవికి వచ్చినప్పుడు పదేళ్ళ పిల్లట. ఒడ్డున దిగినప్పుడు అడవి తప్ప ఏమీ లేదని, రాత్రుళ్ళు మంటలు వేసుకుని పడుకున్నారని చెప్పేదట.

మధ్యాహ్నాలు సైకిల్‌ అద్దెకి తీసుకుని కాలాపత్థర్‌ బీచి దాకా తొక్కడం, లేదా ఊరికే పడుకోవడం. ఐదో నంబరు దగ్గర ఆటు వచ్చిందంటే సముద్రం ఎంతో దూరం వెనక్కి పోతుంది. పొద్దున్న పడవలు తేలిన చోటే అవి ఇసుక మీద ఒరిగి ఉంటాయి. రాళ్ళ మధ్య గుంటల్లో చిన్న చేపలు, నక్షత్ర చేపలు, సన్యాసి పీతలు. పగడం ముక్క గానీ పెద్ద ఆల్చిప్ప గానీ తీసుకెళ్ళడం నేరం, వన్యప్రాణి చట్టంలో పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. ఒక రోజు ఎవరి పిల్లలో పగడం కొమ్మ విరిచి తెస్తే మా గురువు దాన్ని తీసుకుని, మాటా పలుకూ లేకుండా నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళి పెట్టేసి వచ్చాడు.

ఆయన్ని నేను ఎక్కువ మాట్లాడించగలిగింది పగడాల గురించే. 2010 వేసవిలో నీళ్ళు మరీ వేడెక్కి, అండమాన్‌ అంతటా పగడాలు తెల్లబడిపోయాయి. పగడం అంటే రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే నాచే దానికి రంగూ తిండీ. వేడికి తట్టుకోలేక ఆ నాచుని బయటికి తోసేస్తుంది. వేడి తొందరగా తగ్గితే మళ్ళీ కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. "తెల్లబడ్డప్పుడు చాలా అందంగా ఉంటుంది దీదీ. టూరిస్టులు ఫొటోలు తీసుకున్నారు. మేం ఏడ్చాం" అన్నాడు. నేను చూసిన రీఫ్‌లో చాలా చోట్ల విరిగి పడ్డ చచ్చిన కొమ్మల గుట్టలున్నాయి. వాటి మీద నాణెం అంత కొత్త పగడాలు. ఆయన ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించేవాడు, తాకకుండా. అది అరచెయ్యంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. రెండేళ్ళ తర్వాత, 2016లో, మళ్ళీ అదే జరిగిందని చదివి ఆ నాణేలే గుర్తొచ్చి ఆ రోజంతా నాకు పని సాగలేదు.

చీకటి పడ్డాక లాగ్‌బుక్‌లు. పెట్రోమాక్స్‌ వెలుగులోనో కొవ్వొత్తి వెలుగులోనో అందరం బల్ల చుట్టూ కూర్చుని రాసుకునేవాళ్ళం. ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఎంత గాలి మిగిలింది, ఏం చూశాం. నేను నాది తెలుగులో రాసుకున్నాను. ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నది ఆ పుస్తకం చూసే. ఉప్పునీటికి కాగితం వంకర్లు పోయింది. ఒక పేజీలో "ఈ రోజు టేకు చేప ఇసుకలోంచి లేచింది, ఇసుక మొత్తం దానితో లేచి మెల్లగా రాలింది" అని మాత్రమే ఉంది, లోతూ లేదు, నిమిషాలూ లేవు. టేకు అంటే చప్పగా, వెడల్పుగా ఉండే చేప.

మూడో నంబరు బజారులో చేపలమ్మే పెద్దమ్మ గురించి చెప్పాలి. నేనూ తమ్ముడూ తెలుగులో మాట్లాడుకుంటుంటే కత్తిపీట వదిలేసి తలెత్తింది.

"ఏ ఊరమ్మా మనది?"

"విశాఖపట్నం పెద్దమ్మా."

"ఇశాపట్నమా! మాది సిక్కోలు జిల్లా, బావనపాడు కాడ. నాను ఇక్కడికొచ్చేతలికి మా పెద్దోడు సంకలో ఉన్నాడు. ఇప్పుడాడికి పిల్లలు."

ఆ తర్వాత రోజూ పలకరింపే. మేం చేపలు కొనుక్కునేది లేదు, వండుకోడానికి పొయ్యి లేదు. అయినా పక్కన ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టేది. కానాగంతలు ఎలా ఉన్నాయో, వంజరం ధర ఎంతో, కొడుకు పడవ ఇంజన్‌ ఎన్నిసార్లు పాడైందో చెప్పేది. మేం నీటి కిందికి దిగుతున్నామని తెలిసి ఆవిడకి మొదట కోపం వచ్చింది. "ఆడకూతురివి, పిల్లతల్లివి. గంగమ్మ ఊరుకుంటాదేటి?" అంది. తర్వాత రోజు తనే అడిగింది, "ఎలగుంటాదమ్మా కిందన?" అని. నేను చెప్తుంటే చేతిలో చేప అలాగే పట్టుకుని వింది.

ఆఖరి రోజు నీళ్ళలోకి దిగకూడదు. డైవింగ్‌ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో నైట్రోజన్‌ బుడగలు కడుతుంది. ఆ పొడి రోజు ఏడో నంబరుకి, రాధానగర్‌కి వెళ్ళాం. పెద్ద పెద్ద సముద్ర మహువా చెట్లు ఇసుక దాకా వచ్చి నిలబడి ఉంటాయి, వాటికి ఎదురుగా సముద్రం మీద సూర్యాస్తమయం. చాలా అందమైన చోటు, అందరూ రాశారు, నేను వేరే రాయక్కర్లేదు. 2020లో మన దేశంలో తొలిసారి, శుభ్రమైన బీచిలకిచ్చే బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు వచ్చిన బీచిల్లో అదీ, మా ఋషికొండా రెండూ ఉన్నాయని తెలిసి తమ్ముడికి ఫోన్‌ చేశాను. నాకు మాత్రం ఆ సాయంత్రం పై నుంచి సముద్రం చూడ్డం చాలా కొత్తగా అనిపించింది. ఆ నీలం కింద అంగడి నడుస్తోంది, కరకర నమలడం నడుస్తోంది.

బయల్దేరే పొద్దున్న పెద్దమ్మ జెట్టీకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్‌ సంచి, దాని మీద ఇంకో సంచి, ఎండుచేపలు. పోర్ట్‌బ్లెయిర్‌ జంగ్లీఘాట్‌లో చెల్లెలుందని, ఇచ్చి వెళ్ళమని. జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారుల ఇళ్ళు చాలా ఉన్నాయి. అడిగితే చూపిస్తారంది. నిజంగానే సందు మొదట్లో ఒక్కసారి అడిగితే ఇద్దరు పిల్లలు ముందు పరిగెత్తి దారి చూపించారు.

ఆ ఇంట్లో మమ్మల్ని అన్నం తినకుండా కదలనివ్వలేదు. చెల్లెలి భర్త ముసలాయన, ఏళ్ళ తరబడి గేలంతో వేటాడినాయన, కాళ్ళ నొప్పులతో ఇప్పుడు వెళ్ళడం లేదు. అక్కగారు ఫోన్లో ముందే చెప్పేసినట్టుంది. మేం చేతులు కడుక్కోక ముందే మొదలెట్టారు.

"సొర మీ పక్కనుంచి పోతే ఏటి సేస్తాది?"

"ఏమీ చెయ్యదు బాబాయ్‌, మనల్ని చూసి తప్పుకుంటుంది" అన్నాడు తమ్ముడు.

"రాత్తిరి సేపలు పడుకుంటాయా?"

కొన్ని చిలకచేపలు ఒంటి చుట్టూ జిగురు తెరలాంటిది కట్టుకుని రాళ్ళ సందులో నిద్రపోతాయని తమ్ముడు చెప్పాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, భార్య వైపు తిరిగి, "ఇన్నావా?" అన్నారు.

తమ్ముడు పిల్లల దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని గచ్చు మీద ద వాల్‌ బొమ్మ గీశాడు. జెట్టీ ఇక్కడ, రీఫ్‌ ఇక్కడ, ఎనిమిది తొమ్మిది మీటర్ల దగ్గర పైభాగం, అక్కణ్ణుంచి నిట్టనిలువుగా కిందికి. ముసలాయన ముందుకి వంగి చూసి తల అడ్డంగా ఊపారు. "నువ్వు గీసినంత కాదు బాబూ. ఈ పక్కన నాను ముప్పై బారల తాడు ఒగ్గినాను, గుండు ఆన్లేదు. ఇదిగో, ఈ మూల మాత్రం మెట్టుంటాది, ఎర్రసేప అక్కడే కొడతాది" అన్నారు. ముప్పై బారలంటే యాభై మీటర్ల పైమాటే. మేం పద్దెనిమిది దగ్గర ఆగినవాళ్ళం.

తమ్ముడు సుద్దముక్క ఆయన చేతికిచ్చాడు. ఆ తర్వాత గంటసేపు గీసింది ఆయనే.